పథ్యానికి రాని నూనె

మా అమ్మ గుండెలో దెబ్బతిన్న కవాటాన్ని తీసి లోహపు కవాటం అమర్చిన తరువాత, మా ఇల్లంతా పథ్యంలోకి వెళ్లింది. ఆ కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా ఆమె జీవితాంతం రక్తాన్ని పలచబరిచే మాత్ర వేసుకోవాలి. మందు తగ్గితే గడ్డ, హెచ్చితే రక్తస్రావం. ఆకుకూరలు ఉన్నట్టుండి పెంచవద్దని, మానవద్దని, తమను అడగకుండా వేరే మందు వాడవద్దని నెల్లూరు ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పారు. మా కుటుంబంలో మొదట డిగ్రీ చదివినదాన్ని కనుక, ఆ మాటలను ఇంటికి మోసుకువచ్చే బాధ్యత నాది. వాటిని అమలు చేసింది నాన్నకు తల్లి అయిన మా అవ్వ. కోడలి కోసం తోటకూరను ఒకే గిన్నెతో కొలిచి వండేది. పొరుగింటి వారు తలనొప్పి మాత్ర ఇస్తే గుమ్మం దగ్గరే తిప్పి పంపేది.

అమ్మను అంతకంటే ఎక్కువగా బాధించినవి మోకాళ్లు. పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న మా పల్లె నుంచి సూళ్లూరుపేట బజారుకు ఏళ్ల తరబడి చేపల గంప మోసి, గొంతుకూర్చుని అమ్మిన మోకాళ్లవి. ఆపరేషన్ తరువాత గంప మానేసినా నొప్పి మానలేదు. దానికి మా పల్లెలో అందరికీ తెలిసిన మందు ఊటీ నూనె. సీసా మీద వింటర్‌గ్రీన్ నూనె అని ఉంటుంది. చేపల వ్యాను నడిపే మా మేనమామ చెన్నై నుంచి తెచ్చేవాడు. ఆ నూనె గుణం అబద్ధం కాదు. వల లాగి భుజాలు పట్టేసిన మగవారు కొబ్బరినూనెలో నాలుగు చుక్కలు కలిపి రాసుకుంటే, చర్మం చల్లబడి, ఆ వెంటనే వెచ్చబడి, నొప్పి కాసేపు పక్కకు తప్పుకునేది. అవ్వ మాత్రం ప్రేమ కొద్దీ ఏమీ కలపని నూనెనే ప్రతి సాయంత్రం అమ్మ మోకాళ్లకు, పిక్కలకు పట్టించేది. పైన ఉప్పు మూటతో కాపడం పెట్టి, పాత చీర పీలికతో కట్టు కట్టేది. మా ఇళ్లలో పథ్యం నోటికి సంబంధించినది. ఒంటికి రాసేదాన్ని మందుగా లెక్కపెట్టాలని ఎవరికీ తోచలేదు.

రక్తపరీక్షకు వెళ్లే రోజున అవ్వ అమ్మకు సీకాయతో తలంటి, మోకాళ్లను సున్నిపిండితో రుద్ది, ఉతికిన చీర కట్టించేది. చేపల వాసనకు రైల్లో పక్కవాళ్లు ముక్కు మూసుకోవడం అమ్మ చాలాసార్లు చూసింది. డాక్టరమ్మ ముందు ఆ అవమానం వద్దన్నది వారిద్దరి పట్టుదల.

ఆ చలికాలంలో పరీక్ష ఫలితాలు అదుపు తప్పాయి. రక్తం ఉండవలసినదానికంటే పలచబడింది. డాక్టరమ్మ మాత్ర తగ్గించారు. అయినా పలచనే. మాత్ర రెండుసార్లు వేసుకుంటున్నారా అని అడిగారు. లేదన్నాము. వేరే మందులేమైనా అని అడిగారు. లేదన్నాము. అమ్మ చేతుల మీద దెబ్బ తగలకుండానే నల్లని కమిలిన మచ్చలు లేచాయి. ఏ తప్పును దిద్దుకోవాలో తెలియక మేము తప్పులు వెతికాము. బియ్యం మార్చాము. బావి నీళ్లు మాని క్యాను నీళ్లు కొన్నాము. అవ్వ గ్రామదేవతకు మొక్కుకుంది. సాయంత్రపు నూనె మాత్రం ఆగలేదు. అమ్మకు సుఖమిస్తున్నది అదొక్కటే.

ఒక ఉదయం అమ్మ ముక్కు నుంచి నెత్తురు మొదలైంది. మోకాళ్ల నొప్పి ఎక్కువగా ఉందని అవ్వ అంతకు కాసేపటి ముందే నూనె రాసి కాపడం పెట్టింది. ముక్కు గట్టిగా పట్టుకున్నా, తడిగుడ్డ పెట్టినా ఆగలేదు. నాన్న పడవ మీద ఉన్నాడు. అంబులెన్సులో నా ఒడిలోని తువ్వాలు తడిసి బరువెక్కింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, “స్నానం లేకుండానే తీసుకపోతుండారే” అంది. ప్రాణభయం కంటే ముందు ఆమెకు ఆ మాటే వచ్చింది.

నెల్లూరు ఆసుపత్రిలో, కాళ్ల మీద కూడా మచ్చలున్నాయేమో చూడడానికి వంగిన డాక్టరమ్మ ఆగిపోయారు.

“ఏమిటీ వాసన?”

అవ్వ చేతులు జోడించింది. “ఈ పొద్దు నీళ్లు పొయ్యలేకపోయినాం తల్లీ. ఏమనుకోబాక.”

“చేపల వాసన గురించి కాదవ్వా. మోకాళ్లకు ఏం రాశారు?”

“ఊటీ నూనె.”

“రోజూనా?”

“రోజూ. చలి మొదలైనకాడి నుంచీ.”

“వేరే మందు ఏదైనా వాడుతున్నారా అని ప్రతిసారీ అడిగాను కదా?”

“అది మందేంది తల్లీ, పైన రాసేది. నోట్లోకి పోలేదే.”

డాక్టరమ్మ కోప్పడలేదు. తడిగుడ్డతో మోకాళ్లు తుడిపించారు. తరువాత నాకు వివరించారు. ఆ నూనెలో ఉండేది ఆస్పిరిన్ జాతి పదార్థం. చర్మం గుండా రక్తంలోకి దిగుతుంది. కాపడం, కట్టు దాన్ని మరింతగా లోపలికి పంపుతాయి. ఆరోగ్యవంతులు పలచన చేసి, అప్పుడప్పుడు కొద్దిగా రాసుకుంటే ఉపశమనం ఇచ్చే ఆ నూనె, అమ్మ వేసుకునే మాత్రకు తోడైతే నెత్తురును ఆగనివ్వదు. పసిపిల్లలు ఒక చెంచాడు మింగినా ప్రాణాంతకమని, మీ వీధిలో అందరికీ చెప్పమని కూడా అన్నారు.

కారణం తెలిసినందుకు ఊరట కలగలేదు. నెత్తురు ఆగడానికి ఇచ్చే విరుగుడు మందు ఎక్కువైతే కవాటం మీద గడ్డకట్టవచ్చు. తక్కువైతే స్రావం ఆగదు. ఆ రెంటి మధ్య అమ్మను వదిలి మేము వార్డు బయట కూర్చున్నాము. అవ్వ తన అరచేతులను వాసన చూసుకుని, కుళాయి దగ్గరికి పోయి కడుక్కుని వచ్చి, మళ్లీ చూసుకునేది.

“పోలేదుమే,” అంది నాతో. “సబ్బుకి పోవడంలా.”

ఆ చేతులను నా ఒడిలోకి తీసుకున్నాను. నిజంగానే ఆ వాసన పోలేదు.

స్రావం ఆగింది. కొన్నాళ్లకు అమ్మ ఇంటికి వచ్చింది. రక్తం దారికి వచ్చింది, మోకాళ్లు రాలేదు. డాక్టరమ్మ అనుమతించిన నొప్పి మాత్ర అమ్మ నొప్పికి చాలలేదు. గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్లేటప్పుడు ఆమె పళ్లు బిగించి మూలిగే చప్పుడు నాకు వంటగదిలోకి వినిపించేది.

ఒక సాయంత్రం ఆమె ఇక ఓర్చుకోలేకపోయింది.

“అత్తా, ఒక్క చుక్క.”

“లేదు.”

“చచ్చేట్టుండాది అత్తా.”

“నూనె రాస్తే నిజంగానే చస్తావు. నా చేత్తో రెండోసారి చంపమంటావా?”

అమ్మ కళ్లు తుడుచుకుంది. “పోనీ, వాసనన్నా చూపించు.”

“దానిగ్గూడా డాక్టరమ్మనే అడగాల,” అంటూ అవ్వ లేచి, పెనం మీద ఉప్పు వేసింది. వేడెక్కిన ఉప్పును గుడ్డలో మూటగట్టి, ముందు తన చెంపకు ఆనించి చూసుకుని, పొడి మోకాలి మీద మెల్లగా పెట్టింది. అమ్మ మూలిగింది. అవ్వ మూట తీయలేదు.