పద్నాలుగో పేజీ

నా చిన్నప్పుడు మా ఇంగ్లీషు సారుకు గిట్టని మాట ఒకటే ఉండేది. అది 'గుడ్'. ఏదైనా పుస్తకం చదివి, అది ఎలా ఉందో ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసుకురమ్మంటే, ముదిగుబ్బ హైస్కూల్లో మేమందరం 'ఈ పుస్తకం వెరీ గుడ్' అని రాసి చేతులు దులుపుకునేవాళ్ళం. ఆయన బెత్తం ఎత్తే మనిషి కాదు. ఒకరోజు సంచి నిండా వేరుశనగ కాయలు తెచ్చి తలా మూడు పంచాడు. ఒకటి నిండుకాయ, ఒకటి ముక్కిపోయింది, మూడోది పైకి నిగనిగలాడే తాలుకాయ. ఒలుచుకు తినమని, మా మొహాలు చూస్తూ నిలబడ్డాడు. "మూడూ శెనక్కాయలే గదా. మూడింటికీ గుడ్ అనే అంటారా?" అన్నాడు.

ఆ తర్వాత నల్లబల్ల మీద మాటలు రాయడం మొదలుపెట్టాడు. మనసును కదిలిస్తే మూవింగ్, ఆవలింతలు తెప్పిస్తే డల్, చెప్పింది నమ్మేటట్టు ఉంటే కన్విన్సింగ్, నమ్మబుద్ధి కాకపోతే అన్‌కన్విన్సింగ్. రోజుకు రెండు మాటలు, అంతకు మించి కాదు. వాటితోపాటు ఒక షరతు. ఏ మాట రాసినా దాని కింద పేజీ నంబరు వేయాలి. ఏ పేజీ దగ్గర మనసు కదిలింది, ఏ పేజీ దగ్గర నిద్రొచ్చింది, చూపించాలి. పేజీ చూపించలేని మాట అబద్ధం కిందే లెక్క అనేవాడు.

ఈ సంగతి ఇంట్లో చెబితే నాకంటే మా నాయనకు ఎక్కువ నచ్చింది. బడి గడప తొక్కని మనిషి. కూరలో ఉప్పు ఎక్కువైందని నేను గొణిగితే, "ఏ పేజీలో పాపా?" అని అడిగి తనే నవ్వుకునేవాడు.

ఆయన కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు, కరువు సంవత్సరం, మా ఊరి పెద్దాయన, ఆయన తండ్రి కలిసి కూలీలను పెట్టి బావి తవ్వించారు. రాయి పగలగొట్టడానికి పెట్టబోతున్న మందు చేతిలోనే పేలి నాయన వేళ్ళు పోయాయి. ఆయనకు ఆ కూలి కూడా సగమే ముట్టిందని అమ్మ అనేది. నాయన మాత్రం ఎవరైనా చేతి సంగతి అడిగితే, "ఆ బావిలో నావి రెండు వేళ్ళుండాయప్పా" అనేవాడు. అదొక హక్కు పత్రమైనట్టు చెప్పేవాడు.

నేను ఆఖరు తరగతికి వచ్చిన ఏడు, పెద్దాయన కాలం చేసిన తన తండ్రి జీవితాన్ని ఎవరిచేతో ఇంగ్లీషులో రాయించి, మద్రాసులో అచ్చు వేయించి బడికి పంపాడు. ఊళ్ళో ఆ పుస్తకం చదవగలిగినవాళ్ళు నలుగురుంటే ఎక్కువ. దాని మీద బాగా రాసిన పిల్లకో పిల్లవాడికో అనంతపురం కాలేజీ హాస్టలు ఖర్చు తానే పెట్టుకుంటానని కబురు చేశాడు. అది రాకపోతే నా చదువు అక్కడితో సరి. మర్నాటి నుంచి అమ్మతోపాటు కలుపు తీయడమే.

నిఘంటువు పక్కన పెట్టుకుని పుస్తకం రెండుసార్లు చదివాను. పద్నాలుగో పేజీలో బావి వచ్చింది. పెద్దాయన తండ్రే గడ్డపార పట్టి మొదటి దెబ్బ వేశాడట. కూలీలను కన్నబిడ్డల్లా చూసుకున్నాడట. పని మొత్తంలో ఒక్కరి గోరు కూడా చిట్లలేదట. నాకు ఒళ్ళు మండింది. అన్‌కన్విన్సింగ్ అని రాసి, కింద పద్నాలుగు అని వేసి, మా నాయన వేళ్ళ సంగతి కూడా వచ్చీరాని ఇంగ్లీషులో రాశాను. అంత నిజంగా నేను మళ్ళీ ఎప్పుడూ ఏదీ రాయలేదు.

సారు అది చదివి మిగతా పిల్లలను బయటికి పంపేశాడు. ఆయన బత్తలపల్లె నుంచి వచ్చిన సాయిబుల అబ్బాయి, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. బడి కమిటీకి పెద్దాయనే పెద్ద. గొంతు తగ్గించి అన్నాడు. "మాట కరెక్టే. పేజీ కూడా కరెక్టే. ఇది ఆయన చేతికి పోతే నువ్వు కలుపు తీసేకి పోతావు, నేను ఇంటికి పోతా."

కొత్త కాగితం ఇచ్చి తనే చెప్పి రాయించాడు. మూవింగ్ అన్నాడు, నోబుల్ అన్నాడు. పేజీ నంబరు ఏమి వేయాలని అడిగాను. ఆయన నల్లబల్ల వైపు తిరిగి, అప్పటికే శుభ్రంగా ఉన్న బల్లను తుడుస్తూ, వద్దులే అన్నాడు. నా మొదటి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు తర్వాత మా తరగతిలో పేజీ నంబరు ఎవరినీ అడగలేదు. చాలా ఏళ్ళు నేను ఆయన మీద కోపంతో గడిపాను. కానీ కలం పట్టుకున్న చెయ్యి నాదే కదా.

పెద్దాయన బడిలో పెట్టించిన సభలో నేను రాసింది నేనే చదివాను. నాయన వెనకాల గొంతుక్కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆ మొండి చేత్తోనే చప్పట్లు కొట్టాడు. హాస్టలు నాకే వచ్చింది, ఆ పుస్తకం ప్రతి ఒకటి చేతికిచ్చారు. ఇంటికి నడుస్తుంటే బావి సంగతి అందులో ఉందా అని నాయన అడిగాడు. ఉందన్నాను.

"నా వేళ్ళ సంగతి?"

లేదనవచ్చు. ఆ ఒక్క మాట అనడానికి ఏ ఇంగ్లీషూ అక్కర్లేదు. ఆయన మొహం చూసి, "ఉండాది నాయనా, నీ పేరు కూడా ఉండాది" అన్నాను.

"ఏ పేజీలో?"

దారిలోనే పుస్తకం తెరిచి, పద్నాలుగో పేజీలో ఒక వాక్యం మీద ఆయన వేలు ఆనించాను. ఆయన ఆ పేజీ మూల జాగ్రత్తగా మడుచుకున్నాడు. అప్పటి నుంచి ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఆ వాక్యం చూపించాడు.

రెండేళ్ళకు మళ్ళీ వానలు ఎగ్గొట్టాయి. పెద్దాయన బావికి ఇంజను పెట్టి, నీళ్ళన్నీ తన తోటకు మళ్ళించుకుని, ఊరివాళ్ళను బావి దగ్గరికి రానివ్వలేదు. నాయన పుస్తకం చంకలో పెట్టుకుని వాళ్ళింటికి పోయాడు. ఈ బావికి నేను వేళ్ళు ఇచ్చినట్టు మీ పుస్తకంలోనే ఉంది, రెండు కడవల నీళ్ళు తోడుకోనివ్వండని అడిగాడు. గుమాస్తా పద్నాలుగో పేజీ చదివి, అక్కడున్న పదిమందికీ తెలుగులో చెప్పాడు. గోరు కూడా చిట్లలేదన్న మాట దగ్గర అందరూ నవ్వారు.

ఇదంతా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అమ్మ చెప్పింది. నాయన అరుగు మీద విత్తనానికి కాయలు ఒలుస్తున్నాడు. పక్కన కూర్చుని నేనూ ఒలిచాను. ఆయనే, తల ఎత్తకుండా అన్నాడు.

"ఆ గుమాస్తాకు ఇంగ్లీషు సరిగ్గా రాదు పాపా. నేను నువ్వు చూపిచ్చిన పేజీనే తీసిచ్చినా. వానికి సదివేకి రాలేదు."

నమ్మి అన్నాడో, నా తల వంగకూడదని అన్నాడో నాకు తెలియదు. ఆయన బతికి ఉన్నన్నాళ్ళూ అడిగే ధైర్యం చేయలేకపోయాను. పెద్దయ్యాక నేను ఇంగ్లీషు పంతులమ్మనే అయ్యాను. సారు మాటలే పిల్లలకు చెప్పాను, పేజీ నంబరు లేకపోతే మార్కులు వేసేదాన్ని కాదు. పేజీ చూపించలేని మాట అబద్ధమని ఆయన నేర్పాడు. పేజీ చూపించి మరీ అబద్ధం చెప్పడం మాత్రం నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.