లేచిన పీనుగుల లెక్క

మా అపార్ట్‌మెంటు పక్కన ఖాళీ జాగాలో నాలుగు రోజులుగా పునాదులు తవ్వుతున్నారు. పొద్దున కిటికీ తెరిస్తే చాలు, లోతు నుంచి తోడిన మట్టి వాసన, తడి సున్నం వాసన, వాటి మీద యంత్రం వదిలే డీజిలు పొగ, మూడూ కలిసి ఇంట్లోకి వచ్చేస్తాయి. తవ్విన మట్టి వాసన మనసుకు హాయిగా ఉంటుందని చాలామంది అంటారు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే కాలు ఒకచోట నిలవదు. వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉంటాను, పోసుకున్న టీ పోసుకున్నట్టే చల్లారిపోతుంది.

మాది పటాన్‌చెరు నుంచి జిన్నారం వైపు పోయే దారిలో ఒక చిన్న ఊరు. డెబ్బైల మొదటి సంవత్సరాలు. వానలు వెనకబట్టాక జొన్నచేలు మనిషెత్తు పెరిగి గాలికి గరగరమనేవి, గుట్టల మీది సీతాఫలాలు గంపల్లో దిగేవి, వాటిని బూడిదలో మాగబెట్టి, మెత్తబడ్డాయో లేదో అని గంటకోసారి నొక్కి చూసి సగం పండ్లు మేమే పాడుచేసేవాళ్లం. మేము చర్చికి పోయేవాళ్లం కాబట్టి మా ఇంట్లో బతుకమ్మ పేర్చేవాళ్లు కాదు. అయినా సద్దుల బతుకమ్మ నాడు పక్కింటివాళ్లు మోదుగాకు దొప్పల్లో నువ్వుల సద్ది, పల్లీల సద్ది పంపకుండా ఉండేవాళ్లు కాదు. క్రిస్మస్‌కి మా అమ్మ చేసే గర్జెలూ మురుకులూ వాళ్ల ఇళ్లకు పోకుండా ఉండేవి కాదు. మా అవ్వ, అంటే నాన్న తల్లి, అరుగు మీద కాళ్లు చాపుకుని ముక్కుపొడి పీలుస్తూ దారినపోయే ప్రతి మనిషినీ ఏ ఊరికి, ఏం పనికి అని అడిగి గానీ వదిలేది కాదు. మా అమ్మ చెల్లెలు గ్రేసమ్మ చిన్నమ్మ మాతోనే ఉండేది. జోగిపేటలో పుట్టి పెరిగి, మా ఊరి మిషన్ బడిలో లెక్కలు చెప్పేది. పెళ్లి చేసుకోకుండా అక్క ఇంట్లో ఉంటోందని అవ్వకు ఆమె మీద కొంచెం గుర్రు.

నేను బడికి పోయే రోజుల్లో ఒక ఏడు, దసరాకు ముందు ఊరి పడమట బొందలగడ్డ అంచున ఫ్యాక్టరీకి పునాదులు మొదలయ్యాయి. పీనుగులను పాతిపెట్టే ఆ నేల హద్దు ఎక్కడో ఎవరికీ సరిగ్గా తెలియదు. గడ్డపారలకు ఎముకలు తగిలాయి. కంట్రాక్టరు వాటిని ఒక మూల కుప్పపోయించి సున్నం చల్లించాడు. ఆ కుప్ప మోసిన కూలీల్లో సాయిలు ఒకడు. దసరా వెళ్లిన రెండో నాటికి జ్వరం పట్టుకుని వారం తిరక్కుండానే పోయాడు. ఆ వెనకే ఇంకో కూలీ మంచం పట్టాడు. దాంతో మాట పుట్టింది. పునాది తవ్వకంలో పీనుగులు లేచాయట, మనుషుల్లో కలిసి తిరుగుతున్నాయట, అవి ముట్టుకుంటే మరునాడు దీపాలు పెట్టే వేళకు ముట్టుకోబడ్డవాళ్లూ అట్లాగే అయిపోతారట. కళ్లు తెరిచే ఉంటాయి గానీ చూపు ఉండదట, నాలుకకు రుచి తెలియదట, పేరు పెట్టి పిలిస్తే పలకరట. జిన్నారం అవతల ఒక ఊరు సగం ఖాళీ అయిందని మా ఊళ్లో చెప్పుకునేవాళ్లు. ఆ ఊళ్లోవాళ్లు మా ఊరు ఖాళీ అయిందని చెప్పుకునేవాళ్లని తర్వాత తెలిసింది.

సాయిలు పెళ్లాం యాదమ్మ బొందలగడ్డ పక్కనే గుడిసెలో ఉండేది. మొగుడు పోయినప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. చేతులు వేలాడేసుకుని చేను గట్ల మీద తిరిగేది, ఎవరైనా పిలిస్తే తల తిప్పేది కాదు. బావి దగ్గర ఆడవాళ్లు అది చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మర్నాటి నుంచి ఆమె వస్తే బిందెలు ఎత్తుకుని వెళ్లిపోవడం మొదలుపెట్టారు.

పిల్లలం మేము దాన్ని ఆట చేసుకున్నాం. కల్లంలో ఒకరు పీనుగు. పీనుగు ముట్టుకున్నవాళ్లు కూడా పీనుగులై, చేతులు వేలాడేసి, కళ్లు తేలేసి మిగతావాళ్ల వెంటపడాలి. విచిత్రమేమంటే ఎంతమందిమి ఆడినా ఆ ఆట ఇట్టే అయిపోయేది. మొదట ఒక్కరిని తప్పించుకోవడం సులువుగానే ఉండేది, కాసేపటికి ఇద్దరు, నలుగురు, ఆ తర్వాత ఎటు తిరిగినా వాళ్లే, పరిగెత్తడానికి జాగా ఉండేది కాదు.

ఒకరోజు ఆట మధ్యలో యాదమ్మ బిడ్డ చంద్రి వచ్చింది. నాలుగైదేళ్ల పిల్ల. తనను కూడా ఆడించుకుంటామని ఆశపడి నవ్వుతూ ఉరికొచ్చి నా మోచెయ్యి ముట్టుకుంది. మరుక్షణం కల్లం మొత్తం ఖాళీ అయింది. చంద్రి కూడా ఆట అనుకుని వాళ్ల వెనక కొంతదూరం ఉరికి, ఎవరూ ఆగకపోయేసరికి నిలబడిపోయింది.

నేను ఇంటికి చేరేలోపే వార్త ఇంటికి చేరింది. అమ్మా నాన్నా చేను దగ్గర పిట్టల కావలికి పోయారు. గడపలో అవ్వ అడ్డంగా నిలబడి ఉంది.

"ఆడ్నే ఉండు. లోపలికి రాకు" అన్నది.

అరుగు చివర కూర్చున్నాను. వేళ్లు ముడిచి చూసుకున్నాను, విప్పి చూసుకున్నాను. నా పేరు నేనే పిలుచుకుని నేనే పలికాను. రుచి పోయిందో లేదో తెలుసుకోవాలని జేబులో ఉన్న చింతకాయ కొరికాను. పుల్లగానే ఉంది. కాసేపాగి మళ్లీ కొరికాను. అట్లా కొరికీ కొరికీ పళ్లు పులిసి, నాలుక మొద్దుబారి, చివరికి ఏ పులుపూ తెలియకుండా పోయింది. ఇక మొదలైందనుకున్నాను. లేచి వాకిట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరగడం మొదలుపెట్టాను, ఆగితే గట్టిపడిపోతానని.

చిన్నమ్మ ఆ రోజు ఏదో పని మీద సంగారెడ్డి వెళ్లి, గొడుగు చంకలో పెట్టుకుని బస్సు దిగి వచ్చింది. ఏడుస్తూ అంతా చెప్పాను. ఆమె నా పక్కన కూర్చుంది.

"దినానికి ఎంతమందిని ముట్టుకుంటయట గవి?" అని అడిగింది.

అది నేనెప్పుడూ ఆలోచించలేదు. "ఒక్కర్నన్న ముట్టుకుంటది గద" అన్నాను.

"సరే. ఒక్కర్నే అనుకుందం. లెక్క తక్కువకే పెడ్దం."

లోపలికి పోయి జొన్నలు తెచ్చి అరుగు మీద ఒక గింజ పెట్టింది. దాని కింద రెండు. దాని కింద నాలుగు, ఎనిమిది, పదహారు. నా చేతే పెట్టించింది. భయం మర్చిపోయి గింజలు పేరుస్తూ కూర్చున్నాను. పది దినాలకు వెయ్యి దాటింది, మా ఊళ్లో అంతమంది లేరు. ఆ పైన పేర్చడానికి అరుగు చాలక నోటితో లెక్క కట్టించింది. ఇరవై దినాలకు పది లక్షలు దాటింది. సంగారెడ్డి, జోగిపేట, పటాన్‌చెరు, అన్నీ కలిపినా అంతమంది ఉండరు.

"దసరా పోయి నెల దాటింది గద. మరి ఇయ్యాల నా బస్సు ఎవలు నడిపిన్రు బిడ్డా? జెర జరుగుమని కండక్టరు నన్ను కసురుకున్నడు. పీనుగు కసురుకుంటదా?"

నేను నవ్వాను. అవ్వ కూడా గడపలోంచి వింటోంది.

"అవి లేసి ఉంటే మనం ఉండం. మనం ఉన్నమంటే అవి లెవ్వలేదు. గంతే" అని చిన్నమ్మ గింజలు మళ్లీ డబ్బాలో పోసింది.

ఆదివారం చర్చి విడిచాక పటేలు ఇంటి ముందు ఊరి పెద్దలు కూర్చున్నారు, యాదమ్మ సంగతి తేల్చడానికి. పటేలు చెడ్డవాడు కాదు, సాయిలు మట్టికి ఖర్చు పెట్టుకున్నది ఆయనే. చిన్నమ్మ నన్ను వెంటబెట్టుకుని జొన్నల డబ్బాతో వెళ్లింది. నేలమీద అట్లాగే గింజలు పేర్చింది. ఒక్కో వరుస పెరిగేకొద్దీ మగవాళ్లు ముందుకు వంగారు. ఆమె ముగించాక పటేలు ఆ వరుసలను పై నుంచి కింది దాకా చూశాడు.

"అంటే టీచరమ్మా, పది దినాల్ల ఊరంత అయిపోతదన్నట్టు."

"కాదు పటేలా. గట్లయ్యేదుంటే ఎప్పుడో అయిపోయేది అంటున్న."

"గది మెల్లగ పాకుతుందేమో ఎవలకెరుక. మనం మొదటి గింజ కాడనే ఉన్నమేమో. గా ఒక్కదాన్ని ఇప్పుడే తీసేస్తే దాని ఎనకవి రావు గద. లెక్క నువ్వే చెప్తివి." అని పటేలు వంగి, పై వరుసలోని ఒంటి గింజను రెండు వేళ్లతో తీసి దారిలోకి విసిరాడు.

అందరూ తలలు ఊపారు. తెల్లారి పొద్దు పొడిచేలోపు యాదమ్మ బిడ్డను తీసుకుని ఊరు దాటాలని చెప్పారు. చిన్నమ్మ డబ్బా అక్కడే వదిలేసి లేచింది. ఇంటి వైపు నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి, పడమటి దారి పట్టింది. నేను వెనకే ఉరికాను.

యాదమ్మ గుడిసె ముందు కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"దగ్గర్కి రాకు టీచరమ్మా. నాకు నిజంగనే ఏమో అయింది. ఎవలు పిల్సినా ఇనవడ్తలేదు."

"నిద్ర లేక గట్లయితది. ఏమన్న తిన్నవా?"

"యాదికి లేదు."

చిన్నమ్మ వంగి ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. నేను చంద్రిని ఎత్తుకున్నాను. పిల్ల గంప ఎత్తినంత బరువు కూడా లేదు. ఊరి నడి వీధిలోంచే వచ్చాం. మేము నడుస్తుంటే ముందరి తలుపులు ఒక్కొక్కటే పడుతున్నాయి. చిన్నమ్మ ప్రతి ఇంటి ముందూ ఆగి, మూసిన తలుపుతోనే చెప్పింది: "నేను ముట్టుకున్న. రేపు దీపాలు పెట్టే యాళ్లకు మా ఇంటికొచ్చి సూడున్రి."

అవ్వ తన చాప చుట్టుకుని ఆవుల కొట్టంలోకి పోయింది. నాన్న గోడ పక్కన చాప పరిచాడు. అమ్మ జొన్న గట్కలో పచ్చిపులుసు పోసి పెడితే యాదమ్మ వంచిన తల ఎత్తకుండా తిని, గోడవైపు తిరిగి పడుకుని, మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు. అంత నిద్ర చూసి నాకు మళ్లీ భయం పట్టుకుంది. ఊపిరి ఆడుతోందో లేదో అని మాటిమాటికీ పోయి చూసొచ్చాను. ఆ రోజు బడికి ఒక్క పిల్లా రాలేదు. చిన్నమ్మ నన్నూ చంద్రినీ అరుగు మీద కూర్చోబెట్టి గట్టిగా ఎక్కాలు చెప్పించింది, తాను మాత్రం గేటు దాకా పోవడం, రావడం, మళ్లీ పోవడం.

పొద్దు వాలాక వీధికి అవతల జనం చేరారు. అమ్మ దీపం వెలిగించింది. చిన్నమ్మ అరుగు దిగి వాళ్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి పలకరించింది. "బాగున్నవా పటేలా? లచ్చమ్మా, నీ బిడ్డకు దగ్గు తగ్గిందా?" ఎవరూ జవాబు చెప్పలేదు గానీ ఎవరూ వెళ్లిపోలేదు. అప్పుడే యాదమ్మ కొంగు సర్దుకుంటూ గడప దాటి వచ్చి దీపం పక్కన నిలబడింది. జనం ఒక అడుగు వెనక్కి జరిగారు.

కొట్టంలోంచి అవ్వ గొంతు వినిపించింది. "యాదమ్మా."

యాదమ్మ కదల్లేదు. ఎటో చూస్తోంది. చిన్నమ్మ నా భుజం పట్టుకుంది, వేళ్లు దిగబడేలా.

"ఓ యాదమ్మా."

"ఏందవ్వా" అన్నది యాదమ్మ.

"గా చెంబెడు నీళ్లు జెర ఇటు అందియ్యి."

యాదమ్మ కుండలోంచి నీళ్లు ముంచి తీసుకెళ్లింది. అవ్వ కొట్టం వాకిట్లోకి వచ్చి, అందరూ చూస్తుండగా, ఆమె చేతిలోంచి చెంబు అందుకుని గడగడా తాగింది. ఇంక చూసేదేమీ లేదన్నట్టు జనం మెల్లగా కదిలారు. పోతూ పోతూ పటేలు, "ఉండనియ్యి టీచరమ్మా" అన్నాడు.

మాట ఒక్కరోజులో చావలేదు. చాలాకాలం పిల్లల్ని చంద్రి దగ్గర్నుంచి లాక్కుపోయిన తల్లులున్నారు. మంచం పట్టిన కూలీ లేచి పనికి పోయాడు. తర్వాతి ఏడు ఫ్యాక్టరీ తెరిచారు, పొద్దున్నే గేటు ముందు పని కోసం ఊరంతా భుజం భుజం ఒరుసుకుంటూ నిలబడింది, ఆ వరసలో ఎవరు ఎవరిని ముట్టుకున్నారని ఎవరూ అడగలేదు. యాదమ్మకు అక్కడే ఊడ్చే పని దొరికింది. చంద్రి చిన్నమ్మ బడిలోనే చదువుకుంది, పెద్దయ్యాక సంగారెడ్డి పక్కన కంది అనే ఊరికి కోడలై పోయింది.

ఇప్పుడు పోయి వెతికితే మా ఊరు ఊరిలా దొరకదు. బొందలగడ్డ మీద మందుల కంపెనీ ప్రహరీ ఉంది, మా కల్లంలో లారీలు ఆగుతాయి, జొన్నచేలు ఒక్కటీ లేవు. అవ్వ అరుగు ఉన్నచోట కిరాయి గదులు లేచాయి, దూర రాష్ట్రాల నుంచి వచ్చిన కుర్రాళ్లు షిఫ్టు దిగి వచ్చి పడుకుంటారు. ఆ నేల సంగతి వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

చిన్నమ్మ చివరి రోజుల్లో సంగారెడ్డిలో ఉండేది. ఒకసారి ఇద్దరం కూర్చుని అనపకాయలు ఒలుస్తుంటే అడిగాను, అంత లెక్క తెలిసినదానివి కదా, ఆ రోజు నీకు కొంచెం కూడా భయం వెయ్యలేదా అని.

"భయం కాకేం బిడ్డా" అన్నది, కాయ మీంచి చూపు తిప్పకుండా. "లెక్క తప్పు కాదని ఎరుకనే. అయినా యాదమ్మకు ఎడమ చెయ్యే ఇచ్చిన. కుడి చెయ్యికి ఏమన్న అయితే సుద్దముక్క పట్టరాదని."

ఆ చేతులు రెండూ ఇప్పుడు లేవు.