సోమమ్మ విన్న 'భర్తీ'

ఆవపల్లి చుట్టుపక్కల సోమమ్మ నోరు అందరికీ కావాలి, అందరికీ భయమే. తెలుగు సరే, అక్కడి అడవి భాషలు దోర్లీ, గోండీ, హల్బీ కూడా గలగలా మాట్లాడేది. సంతలో చింతపండు తెచ్చిన గోండు మనిషికీ, కొనే సేటుకీ బేరం కుదరకపోతే "సోమమ్మను పిలవండి" అనేవాళ్ళు. ఆమె వచ్చి ఇద్దరినీ చెరో నాలుగు మాటలూ అని, బేరం కుదిర్చేసి పోయేది. హిందీ ఒక్కటే అంతంతమాత్రం. ఆ సంగతి ఆమెకు తప్ప అందరికీ తెలుసు.

కొండ మీద ఇనుప గనులు తెరిచి, రైలు పడిన కొత్తలో ఆమె భర్త రామనర్సయ్య కంట్రాక్టరు కింద పనికి కిరండూల్ పోయాడు. ఎప్పటికైనా కంపెనీ కొలువులోకి తీసుకుంటారని ఆశ. రెండు వానాకాలాలు గడిచాయి. ఒకనాడు, అక్కడే పనిచేసే జోగ ఊరికి వచ్చి వాకిట్లో నిలబడే చెప్పాడు.

"అక్కా, బావ కిరండూల్‌ల భర్తీ అయిండు. నిన్ను రమ్మన్నడు."

సోమమ్మ ఎదురు అడగలేదు. అడిగితే తెలియదనుకుంటారు కదా! అయినా భర్తీ అంటే ఏమిటో తెలియకపోవడానికేముంది? పోయినేడు బీజాపూర్‌లో డప్పు కొట్టి మరీ పోలీసు భర్తీ అని చెప్పలేదూ? అంటే కొలువు వచ్చిందన్నమాట.

"ఇంత మంచి కబురు తెచ్చినవు, ఇంత ఇప్పసారా తాగి పోరా!" అంది.

జోగ తల వంచుకుని, "మళ్ళొస్త అక్కా," అని వెళ్ళిపోయాడు. సిగ్గుపడ్డాడనుకుంది. పొద్దు వాలేలోపు ఊరంతా చెప్పుకొచ్చింది.

కొంత నడిచి, రెండు బస్సులు మారి, మూడోనాడు పొద్దున కిరండూల్ బజారులో దిగింది. మొగుడు ఉండే రేకుల షెడ్డు అక్కడికి దగ్గరే. కానీ కంపెనీ ఇచ్చే కొత్త క్వార్టరులో పాలు పొంగించే గిన్నె లేకుండా ఉత్త చేతులతో ఎలా పోతుంది?

ఆ బజారు వాళ్ళ ఊరి సంతలా కాదు. ఒక్కో కొట్టుకు ఒక్కటే సరుకు. ఒకదాంట్లో అన్నీ తాళాలే. ఇంకోదాంట్లో దోమతెరలే. ఒకచోట రబ్బరు బూట్లు సొరకాయల్లా వేలాడుతున్నాయి. విశాఖపట్నం నుంచి రైల్లో వచ్చిన ఎండుచేపల బుట్టలు ఆ చివర. అన్నిటి మీదా ఎర్రదుమ్ము. జిలేబీల మీద కూడా.

ఇత్తడి కొట్టు ఆదినారాయణది. అనకాపల్లి నుంచి వచ్చి స్థిరపడినవాడు.

"ఏటి కావాలమ్మా?"

"పాలు పొంగిచ్చే గిన్నె. సొట్ట ఉన్నది అంటగట్టకు. మా ఆయన భర్తీ అయిండు."

గిన్నె తీస్తున్న ఆదినారాయణ ఆగాడు. "ఎక్కడమ్మా?"

"గీ ఊళ్ళెనే. నీకు చెప్పి కావాల్నా?"

"అది కాదమ్మా. కంపెనీలో కొత్తోళ్ళని తీసుకోడం ఆపీసి ఆర్నెల్లు అవుతోంది. ఆస్పత్రిలో చేరినా ఇక్కడ భర్తీ అనే అంటారు. మీ ఆయనకేటీ అవలేదు కదా?"

"నీ నోట్లె మన్నుబడ! పొద్దుగాల్నే గవేం మాటలు?"

తిట్టింది కానీ, తల వంచుకుని పోయిన జోగ కళ్ళ ముందు ఆడాడు. అది సిగ్గేనా?

"కొత్తగ కొలువైనోళ్ళు ముందుగాల యాడికి పోతరు?" అని అడిగింది. గొంతు తగ్గింది.

"ఖాకీ దర్జీ కాడికి. కంపెనీ బట్టల కొలతలన్నీ ఆడి పుస్తకంలో ఉంటాయి. కానీ అమ్మా, ముందు ఆస్పత్రికి ఎల్లి చూడకూడదా?"

"దర్జీ కాడ పేరుంటె ఆస్పత్రికి పోవుడెందుకు?" అని గిన్నె అక్కడే వదిలేసి నడిచింది.

జనాన్ని మోచేతులతో తోసుకుంటూ పోయింది. దర్జీ కొట్టు నిండా ఖాకీ చొక్కాలే, తలలు లేని మనుషుల్లా వరసగా వేలాడుతూ. వాటిలో మొగుడి కొలత ఏదా అని ఒక్కొక్కటే చూసింది. దర్జీ హిందీవాడు. ఆమె భర్తీ అనగానే పుస్తకం తెరిచి, "నామ్ క్యా హై?" అన్నాడు.

పేరని అర్థమైంది. కానీ మొగుడి పేరు ఎలా చెబుతుంది? ఊళ్ళో ఏ ఆడదీ చెప్పదు.

"రాముని పేరు. ఎనక నర్సింహస్వామి."

"రామ్... సింగ్? హై, హై!" అని పేజీ మీద వేలు పెట్టాడు.

సోమమ్మకు ప్రాణం లేచొచ్చింది. "ఆ, గాయనే! సూడు, నేను చెప్పలే!"

దర్జీ "ఛాతీ," అంటూ రెండు చేతులూ బారెడు చాపి చూపించాడు.

"గంత ఛాతి మా ఆయనకెక్కడిది! ఆయన బొక్కలు లెక్కబెట్టొచ్చు," అంది. అని ఊరుకుంటే సరిపోయేది కాదు. కళ్ళు మూసుకుని, "రామనర్సయ్య!" అని గట్టిగా అరిచింది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు, ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదటిసారి. కుట్టుమిషన్లు ఆగిపోయాయి.

దర్జీ పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. "నహీ హై, అమ్మా."

బయటికొచ్చి నిలబడితే ఎటు పోవాలో కాళ్ళకు తెలియలేదు. ఆకు దొన్నెల్లో పచ్చడి నూరుకునే ఎర్రచీమలు అమ్ముతున్న మంగ్లీ అనే ఆమెను హల్బీలో ఆస్పత్రి దారి అడిగింది.

"ఎవరైనా భర్తీనా? ఎన్నో వార్డు?" అంది మంగ్లీ, అదే భాషలో.

"వార్డు తెలియదు," అంది నాలుగు భాషల సోమమ్మ. మంగ్లీ దొన్నెల మీద గోనె కప్పి, ఆమె చెయ్యి పట్టుకుని ఆస్పత్రి మెట్ల దాకా దిగబెట్టి పోయింది.

వార్డులో మంచాలు వరసగా ఉన్నాయి. మొదటి మంచం మీద ముసలాయన. రెండోదాని మీద మొహం నిండా కట్టుతో ఒకతను. చేతులు చూసింది, మొగుడివి కావు. మూడోది ఖాళీ, దుప్పటి మడిచి ఉంది. ఆ మంచం దాటడానికి ఎంతసేపు పట్టిందో! అవతలి మంచం మీద రామనర్సయ్య కాలికి సిమెంటు కట్టుతో పడుకుని ఆమెనే చూస్తున్నాడు.

"బండరాయి దొర్లింది. కాలే ఇరిగింది, ఇంకేం గాలే," అన్నాడు.

"ఏం గాలేదా? నీ ఇంట్ల పీనుగెల్ల! నేను కొలువనుకుంటి. ఊరంత చెప్పుకుంటి!"

"నాకెరికే. నేనే చెప్పమన్న జోగకు, భర్తీ అని మాత్రమే చెప్పుమని. ఆస్పత్రి అంటె దారంత ఏడుసుకుంట వస్తవు. గట్లయితె నవ్వుకుంటనన్న వస్తవని."

సోమమ్మ కొట్టడానికి చెయ్యెత్తింది. ఎక్కడ కొట్టాలో తెలియక, అతని నుదురు తడిమి జ్వరం ఉందేమో చూసింది.

అంతలో నర్సమ్మ వచ్చి అట్ట మీద ఏదో రాసుకుని, "కల్ ఛుట్టీ," అంది.

కల్ అంటే రేపని తెలుసు. ఛుట్టీ అంటే సెలవని కూడా తెలుసు. అయినా ఈసారి సోమమ్మ తలాడించి ఊరుకోలేదు. "ఆగమ్మా. ఛుట్టీ అంటె ఏంది? ఇంటికి పంపుడా, పనిల నుంచి తీసుడా?" నర్సమ్మకు తెలుగు రాదు. సోమమ్మ హల్బీలో అడిగింది, గోండీలో అడిగింది. ఆవిడ నవ్వి పక్క మంచం దగ్గరికి పోయింది.

రామనర్సయ్య గోడవైపు మొహం తిప్పాడు.

"రెండూ," అన్నాడు. "ఇగ పని లేదని మొన్న కంట్రాక్టరు మనిషి వచ్చి చెప్పిపోయిండు."

సోమమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. కిటికీలోంచి బజారు గోల లోపలిదాకా వస్తోంది.

"ఇంకెన్ని మాటలు దాసినవో, అన్నీ ఇప్పుడే చెప్పు," అంది.