తొమ్మిదో భాగం, రెండొందల పన్నెండో పుట

మా బావ, అంటే మా అక్క మొగుడు, ప్రూఫ్‌రీడరు. ముప్పయ్యేళ్లు ఒకే ప్రెస్సులో, ఒకే కిటికీ పక్కన కూర్చుని, ఎర్ర పెన్సిలుతో ఊళ్లోవాళ్ల తప్పులన్నీ దిద్దాడు. చదివింది మర్చిపోవడం ఎరగడు. పదేళ్ల కిందటి కరపత్రంలో ఏ వరసలో ఏ అక్షరం తిరగబడిందో కూడా చెప్పేవాడు. "ఈయనకి మరుపు రాదు, నా ఖర్మ," అని అక్క విసుక్కునేది, లోపల మురిసిపోతూనే.

నేను పుస్తకాలు బైండు చేసేవాణ్ణి. మా ఇద్దరికీ ఉన్న ఒకే పిచ్చి యుద్ధవిద్యల నవలలు. ఆదివారం మధ్యాహ్నాలు అద్దె పుస్తకాల కొట్టు ముందు బల్ల మీద ఏడెనిమిది మందిమి చేరేవాళ్లం. ఒక కథలో వీరుణ్ణి, ఇంకో కథలో దుర్మార్గుణ్ణి తెచ్చి ముఖాముఖి నిలబెట్టి, ఎవడు గెలుస్తాడో తేల్చేవాళ్లం. ఊహలు చెల్లవు. అచ్చులో ఉన్నదే సాక్ష్యం, పుట తెరిచి చూపించాలి. జుట్టు నెరిసిన మగాళ్లం, లేని మనుషుల కోసం గొంతులు చించుకునేవాళ్లం.

నావాడు తెడ్డు వీరుడు. పడవ తెడ్డొక్కటే ఆయుధం, పన్నెండు భాగాల్లో ఒక్కసారీ ఓడలేదు. బావకి దుర్మార్గులంటేనే ఇష్టం, వాళ్లే ఎక్కువ సాధన చేస్తారట. ఆ రోజు రాగిగోళ్ల దొరని దించాడు. ఆ దొర ఎప్పుడూ ఎడమవైపు నుంచి వచ్చి మెడ నరం నొక్కేస్తాడు.

"నీ తెడ్డువాడికి ఎడమ చెవి వినపడదురా," అన్నాడు బావ. "తొమ్మిదో భాగం, రెండొందల పన్నెండో పుట, మూడో వరస. గురువు దగ్గర వాడే ఒప్పుకుంటాడు. దొర వచ్చిన సంగతే వాడికి తెలీదు. ఇంక పోరేంటి?"

బల్లంతా ఘొల్లుమంది. ఆ పుస్తకం అప్పుడు బైండింగుకని నా దగ్గరే ఉంది. "వచ్చే ఆదివారం తెస్తాను, చూద్దాం," అన్నాను.

ఇంటికెళ్లి తీస్తే బావ చెప్పినదాంట్లో అక్షరం పొల్లుపోలేదు. నాకు ఒళ్లు మండింది. అక్క పెళ్లైన నాటి నుంచీ ఈయన మీద నాది ఒక్కసారైనా పైచెయ్యి కాలేదు. ఆ ఆకు అధ్యాయానికి చివరిది, తీసేసినా కథ అతుక్కుంటుంది. కుట్టు విప్పి లాగేశాను. పుటల అంకెలు అడుగున ఉంటాయి కనక, అడుగు అంచు ఎక్కువగా కోసి పుస్తకం మొత్తంలో అంకెలు లేకుండా చేశాను. ఆకు పారేయడానికి మాత్రం చెయ్యి రాలేదు. అట్టకీ పైగుడ్డకీ మధ్య దాచి అంటించేశాను. అంత శుభ్రమైన పని నా జన్మలో చెయ్యలేదు.

ఆదివారం బావ ఆ పుస్తకం మూడుసార్లు తిరగేశాడు.

"అంకెలేవిరా?"

"అంచులు చివికిపోయాయి బావా, కోసేశాను."

మళ్లీ మొదటి నుంచి తిప్పాడు. "ప్రూఫ్‌రీడరుగారి చత్వారం బుర్రకెక్కింది," అన్నాను నేనే. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వబోయి, "పొరబడ్డానేమోలే," అన్నాడు. నేను గెలిచాను.

ఆ తర్వాత ఆయన బల్ల దగ్గరికి రాలేదు. నేనూ వెళ్లి పిలవలేదు. మూడు నెలలకి అక్క మా ఇంటికొచ్చింది.

"మీ బావ పోయిన వారం ఉద్యోగం మానేశారు తమ్ముడూ. తెలిసిన మాటకి కూడా నిఘంటువు చూసుకుంటున్నారట, పని సాగక ఆయనే కాగితం ఇచ్చేశారు. ఇంటి తాళంచెవి కూడా నాకే ఇచ్చేశారు, ఎక్కడో పెట్టి మర్చిపోతానేమోనని. 'ఆ పుట ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తోందే, కానీ లేదు' అంటారు."

సిగ్గుతో చచ్చిపోయాను. అక్క ముఖంలోకి చూడలేక, ఆవిణ్ణి ఇంటికి వెళ్లమని, కొట్టుకెళ్లి ఆ పుస్తకం తీసుకుని వెనకాలే వెళ్లాను. ఆయన ముందు కూర్చుని, నా కత్తితోనే అట్ట చీరి ఆకు బయటికి తీశాను. బావ కళ్లజోడు పెట్టుకున్నాడు. ఆయన వేలు తిన్నగా మూడో వరస మీదికి వెళ్లింది. చాలాసేపు అక్కడే ఉంది.

"ఎందుకురా?"

"తెడ్డు వీరుడు ఓడిపోతాడని."

ఆ మాట అంటుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. అక్క నన్ను ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూసింది. తిట్టినా బాగుండేది.

"ఆ కిటికీ దగ్గర ఇప్పుడు వేరే మనిషి కూర్చుంటున్నాడు," అన్నాడు బావ. ఆకు నా చేతికిచ్చి, "పుట దాని చోట కుట్టు," అన్నాడు.

కుట్టాను. దాని పక్కనే ఈ కాగితాలు కూడా కుట్టాను, పుస్తకం అద్దెకి తీసుకున్న ప్రతివాడూ చదవాలని. అచ్చులో ఉన్నదే సాక్ష్యం కాబట్టి అచ్చే వేయించాను. ప్రూఫు బావే దిద్దాడు, తొమ్మిది తప్పులు పట్టాడు. 'నేను గెలిచాను' అన్న వాక్యం కొట్టేయమని బతిమాలాను.

పెన్సిలు దాని మీద ఆపి, "ఇందులో తప్పేం లేదు, ఉండనీ," అన్నాడు.