సారు తాళం, అక్క కాళ్ళు

నా చిన్నప్పుడు మా గల్లీలో నిశ్శబ్దమంటే శుక్రవారం మధ్యాహ్నమే. మిగతా పొద్దంతా సుత్తుల చప్పుడు. పాతబస్తీలో లాడ్ బజార్ వెనకవైపు మా సందులో వరఖు కొట్టే దుకాణాలు వరసగా ఉండేవి. వెండి ముక్కను తోలు పుటల మధ్య పెట్టి, మిఠాయి మీద అద్దే పలచటి రేకు అయ్యేదాకా కొడుతూనే ఉండాలి. ఒక్కో దుకాణంలో ఒక్కో సుత్తి, ఒక్కో సుత్తికి ఒక్కో నడక. కొత్తగా వచ్చిన చుట్టాలు తల పట్టుకునేవాళ్ళు. మాకేమో శుక్రవారం వాళ్ళు నమాజుకు లేచి వెళ్ళినప్పుడే ఏదో తప్పిపోయినట్టుండేది. మా అమ్మ పాలు కొలుస్తూ కొలుస్తూ ఆగి బయటికి తొంగి చూసేది.

ఆ దుకాణాల్లో ఒకదాని పై మిద్దెలో పక్కింటి అక్క ఉండేది. వాళ్ళ బాపు బస్సు డిపోలో మెకానిక్. అక్క యూనివర్సిటీలో నాట్యం చదివేది. నాట్యం కూడా చదువేనా అని మా గల్లీలో చాలామందికి అనుమానం. అడిగినవాళ్ళకు అక్క ఓపిగ్గా చెప్పేది. నాకంత ఓపిక లేదు, అప్పుడూ లేదు. "నీ కొడుకు పదో క్లాసు మళ్ళ మళ్ళ రాస్తుండు, అది చదువేనా మరి?" అని ఒక పెద్దమ్మను అడిగి మా నాయనతో దెబ్బలు తిన్నాను. అడిగిన మాటలో తప్పేముందో ఆయన ఇంతవరకు చెప్పలేదు.

ఆ యూనివర్సిటీ బిల్డింగులోనే సాయంత్రంపూట చిన్నపిల్లలకు మొదటి తరగతులు జరిగేవి. అక్క కూడా ఒకప్పుడు ఆ చిన్న తరగతిలోనే మోకాళ్ళు సగం మడిచి అరమండి కూర్చోవడం నేర్చుకుని, మెట్టు మెట్టు ఎక్కి, డిప్లొమా ఆఖరి సంవత్సరానికి వచ్చింది. మా అమ్మను ఒప్పించి నన్ను కూడా అందులో చేర్పించింది. రోజూ నా చెయ్యి పట్టుకుని బస్సెక్కించి, నయాపూల్ వంతెన దాటించి తీసుకుపోయేది.

చిన్న తరగతికైనా పెద్ద తరగతికైనా ఆ సారే. పేరు చెప్పను. చెప్తే ఆయనకు గౌరవం ఇచ్చినట్టవుతుంది. మల్లెపువ్వులాంటి పంచె, నుదుట బొట్టు, నోట్లో తమలపాకు. మాట తేనెలా ఉండేది, తనకు నచ్చినవాళ్ళతో. నచ్చడమంటే ఏమిటో కూడా చెప్తాను: సెలవురోజుల్లో ఆయన ఇంటికి ట్యూషన్‌కు వెళ్ళినవాళ్ళు నచ్చినవాళ్ళు. అక్క వెళ్ళలేదు. ఎందుకు రావడం లేదని సారు తరగతిలో అందరి ముందు అడిగితే, అక్క దాచుకోకుండా, "ఇంట్ల చెప్పేది ఈడ చెప్పకూడదా సార్?" అంది. తప్పా? నాకైతే ఇప్పటికీ తప్పనిపించదు. కాని ఆ రోజు నుంచి సారుకు అక్క అడుగుల్లో నాట్యం కనిపించడం మానేసింది. "వరఖు దుకాణం పైన పెరిగిన పిల్ల కదా! అడుగులా అవి, సుత్తి దెబ్బలు!" అనేవాడు. అది విని ఆయన ఇంటికి వెళ్ళే అమ్మాయిలు పమిటలు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు.

నవ్వితే నవ్వారు. అంతటితో ఆగితే ఈ కథ నేను చెప్పేదాన్ని కాదు.

నాట్యం తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. ఏ అడుగునైనా మూడు కాలాల్లో వేయాలి. మొదటి కాలం నిదానం, రెండోది దానికి రెట్టింపు, మూడోది దానికీ రెట్టింపు. వేసేది మనమైనా, కంచు తాళాలు పట్టుకుని వేగం నడిపించేది గురువు. మొదటి కాలాన్నే ఆయన చల్లగా కొంచెం కొంచెం ముందుకు జరిపి వేగం పెంచాడంటే, మూడో కాలానికి వచ్చేసరికి మనిషి కాళ్ళు అందుకోలేవు. చూసేవాళ్ళకు తడబడిన పిల్ల కనబడుతుంది. జరిపిన చెయ్యి కనబడదు. అక్క మొదటిసారి ఆఖరి పరీక్షకు నిలబడినప్పుడు సారు చేసింది అదే. గురువు తాళం వెంట పోవాలని నేర్పారు గనుక అక్క దాని వెంట పరుగెత్తింది. పరుగెత్తి పరుగెత్తి, మూడో కాలంలో కాలు మడతపడి, పరీక్షకుల ముందు కూలబడింది. ఫెయిల్. "చెప్పాను కదా, సుత్తి జారింది" అన్నాడట సారు.

మళ్ళీ ఒక్కసారే అవకాశం. అది కూడా పోతే సీటు పోయినట్టే. వాళ్ళ బాపు చెడ్డవాడు కాదు, అలసినవాడు. "ఈసారి గూడ గిట్లనే అయితే గజ్జెలు సందుక పెట్టెల ఏసి టైపు నేర్చుకో బిడ్డా. అందరికి జవాబు చెప్పి చెప్పి నా నోరు ఎండుతున్నది" అన్నాడు. అక్క గజ్జెలు ఒళ్ళో పెట్టుకుని ఒక్కో మువ్వా తుడుస్తూ కూర్చుంది.

నాకు మాత్రం కడుపు మండిపోయింది. మాకు బర్రెలుండేవి. పేడకు కొదవ లేదు. సారు చెప్పుల్లో పేడ పెడతానన్నాను. స్కూటర్ టైరు కోస్తానన్నాను. తాంబూలంలో మిరపగింజలు దంచి పెడతానన్నాను. ఒక్కొక్కటీ చెప్తూ ఉంటే అక్క కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "అట్ల చేస్తే అందరు సారును పాపం అంటరే పోరీ. నాకు సారు పాపం కావద్దు" అంది.

ఆ మాట అన్నప్పటి ఆమె ముఖం నేను మరిచిపోలేదు. కోపిష్టి ముఖం కాదది. లెక్క సరిచూసుకుంటున్న ముఖం.

మరునాడు అక్క మిద్దె మీద తాళం తట్టే చెక్కపలక, తట్టుకర్ర పెట్టి నన్ను వాటి ముందు కూర్చోబెట్టింది. "నువ్వే సారువు. తాళం ఎట్ల మెల్లగ పెంచుతడో అట్లనే పెంచు. నన్ను పడగొట్టు. నోరు గూడ వాడు" అంది. నోరు వాడమని నన్ను అడిగిన మొదటి మనిషి, ఆఖరి మనిషి అక్కే. నేను కాళ్ళు చాపుకుని, లేని తాంబూలం నములుతూ, "ఏమిటా కాళ్ళు? రోకళ్ళా? అమ్మాయీ, నువ్వు కొట్టాల్సింది వరఖు, నాట్యం కాదు!" అని సారును దించేశాను. కర్రతో తాళాన్ని మెల్లగా ముందుకు జరిపాను. అక్క నా వెంట పరుగెత్తింది. మళ్ళీ తడబడింది. కింద దుకాణంలోంచి పెద్దాయన కేకేశాడు, "అరే బేటీ, ఛత్ గిరాతే క్యా? కప్పు కూలగొడతవా? ఇక్కడ వెండి అంత మట్టి అయితున్నది!"

అక్క చెమట తుడుచుకుంటూ పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి చూస్తూ నిలబడింది. చాలాసేపు అట్లాగే నిలబడితే నాకు విసుగొచ్చింది. అప్పుడు తనలో తాను అనుకున్నట్టు అంది, "ఇన్ని సుత్తులున్నయ్ గద. ఒకటి ఉరికితే పక్కది దాని వెంట ఉరుకుతదా?"

ఉరకదు. పక్క సుత్తి వెంటపడితే ఆ రేకు చిరిగిపోతుంది. పుట్టినప్పటి నుంచి వింటున్నాం, ఇద్దరికీ ఎప్పుడూ తట్టలేదు.

ఆ రోజు నుంచి అక్క శుక్రవారం మధ్యాహ్నం ఆడడం మానేసింది. సుత్తులు జోరుగా ఉన్న వేళలే ఆమె సాధనకు వేళలు. నేను కర్ర జరుపుతాను, కింద సుత్తులు తలోదారిన పోతుంటాయి, మధ్యలో ఆమె తన మొదటి కాలాన్ని పట్టుకుని అక్కడే ఉంటుంది. "తై హత్ తై హి." మొదట్లో జారిపోయేది. తర్వాత జారడం తగ్గింది. ఒకరోజు నేనొక వింత గమనించాను. ఆమెను పరుగెత్తించాల్సిన నా చెయ్యి, నాకు తెలియకుండానే వెనక్కి తగ్గి ఆమె కాలి వెంట పోతోంది. ఓడిపోయానని తెలిసి కర్ర విసిరికొట్టి ఏడ్చాను. అక్క నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. అంత సంతోషంగా ఆమెను అంతకుముందు చూడలేదు.

పరీక్ష రోజు చిన్న తరగతి పిల్లలమంతా హాలు కిటికీలకు గబ్బిలాల్లా వేలాడాం. బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకురాలు పెద్దావిడ, మందపాటి కళ్ళద్దాలు. సారు ఇంటికి ట్యూషన్‌కు వెళ్ళే అమ్మాయిలు ముందు వరసలో కూర్చున్నారు. సారు తాళాలు చేతిలోకి తీసుకుని, ప్రసాదం పెట్టబోతున్నవాడిలా నవ్వాడు. అక్క నేలకు నమస్కారం చేసి నిలబడింది.

పెద్దావిడ, "మొదటి అడుగు, మూడు కాలాల్లో చూపించమ్మా" అంది. మా చిన్న తరగతివాళ్ళం వేసే అడుగు. ముందు వరస ఇకిలించింది.

సారు బాగానే మొదలుపెట్టాడు. కాసేపటికి జరపడం మొదలైంది. అందరికీ వినబడేంత కాదు. నాకు వినబడింది, ఎందుకంటే అన్ని రోజులూ ఆ దొంగపని చేసింది నేనే. కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాను. అక్క కాలు కదల్లేదు. కదలలేదంటే ఆగిందని కాదు, ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడే ఉంది. తాళం ముందుకు పోయింది, అడుగు పోలేదు. ఒక్కసారిగా హాలంతటికీ వినబడింది, రెండు చప్పుళ్ళు విడిపోయాయని. సారు కళ్ళెర్రజేసి "ఊఁ! ఊఁ!" అని మరింత జోరుగా కొట్టాడు. సారు పక్కన మృదంగం వాయిస్తున్న ముసలాయన చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగింది. సారు వైపు చూశాడు, అక్క కాళ్ళ వైపు చూశాడు. చెయ్యి అక్క కాళ్ళతో దిగింది.

ఇంక సారు ఒక్కడే. ఖాళీ బస్సు తోలుకుపోతున్న డ్రైవర్‌లా.

పెద్దావిడ చెయ్యెత్తింది. "మాస్టారూ, మీరెక్కడికి వెళ్ళిపోతున్నారు? అమ్మాయి మొదలుపెట్టినచోటే ఉంది కదా" అంది. గొంతులో కోపం కూడా లేదు. అదే నాకు మరీ నచ్చింది. "ఆ తాళాలు కాసేపు పక్కన పెట్టండి. మృదంగం చాలు."

గురువు చేతిలోంచి తాళాలు కింద పెట్టించడమంటే ఆ విద్యలో ఏమిటో మీకు ఊహకు అందకపోవచ్చు. అంతకంటే చెంపదెబ్బ నయం. అక్క రెండో కాలం వేసింది, మూడోది వేసింది, తర్వాత పెద్ద అంశాలైన శబ్దం ఆడింది, తరంగం ఆడింది. అంతసేపూ సారు ఒళ్ళో తాళాలు పెట్టుకుని, ఎవరి పెళ్ళిలోనో భోజనానికి పిలుపు రాని మనిషిలా కూర్చున్నాడు. నేను అక్క నాట్యం సరిగ్గా చూడలేదు. సారు ముఖాన్నే చూశాను. తృప్తిగా, తీరిగ్గా, నమిలి నమిలి చూశాను.

అయిపోయాక గురువు పాదాలకు దండం పెట్టడం ఆచారం. గురువు తల మీద చెయ్యి పెట్టాలి. అక్క వెళ్ళి వంగింది. సారు చెయ్యి లేవలేదు. అక్క కూడా లేవలేదు. పెద్దావిడ చూస్తోంది, ముందు వరస చూస్తోంది, కిటికీల్లో మేం చూస్తున్నాం. చివరికి ఆ చెయ్యి, బావిలోంచి చేదినట్టు, బరువుగా పైకి వచ్చి అక్క తల మీద పడింది. అప్పుడు అక్క తలెత్తి ఎంతో మర్యాదగా, "సుత్తులు సరిగ్గ పడ్డయా సార్?" అంది.

ఫలితం వచ్చేదాకా ఆగాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు గాని, వచ్చింది. పాసైంది. వాళ్ళ బాపు కింద దుకాణం పెద్దాయనకు మిఠాయి ఇచ్చాడు. దాని మీద ఆయన కొట్టిన వరఖే ఉంది.

పరీక్ష అయిన సాయంత్రం బస్సు నయాపూల్ మీద ఆగి ఆగి పోతుంటే అడిగాను, "పగ తీరిందా అక్కా?" అక్క కిటికీలోంచి మూసీ వైపు చూస్తూ, "అంత తీర్చుకుంటే రేపటికేం ఉంటది? కొంచెం దాచుకున్న" అంది.

నేను కూడా చిన్న తరగతి నుంచి మెట్లెక్కి, కొన్నేళ్ళకు అదే హాల్లో, అదే పరీక్షకు నిలబడ్డాను. అదే సారు, కొంచెం ముసలివాడై, అవే తాళాలతో. ఆయన ఇంటి ట్యూషన్‌కు నేను కూడా వెళ్ళలేదు. వెళ్ళనని అక్కకంటే గట్టిగానే చెప్పాను. పరీక్షకు ముందు వేసవంతా సుత్తుల మధ్య సాధన చేసి, జరపరా చూద్దాం అన్నట్టు ఆయన కళ్ళల్లోకి చూసి మొదలుపెట్టాను. ఏం చేశాడనుకున్నారు? వెంట్రుకవాసి జరపలేదు. మొదటి నుంచి చివరి దాకా గడియారంలా కొట్టాడు. నాకు మంచి మార్కులొచ్చాయి. ఆ మార్కుల కోసం కాదు నేను అన్నాళ్ళు చెమటోడ్చింది.

పగ మంచిది కాదని, మరిచిపోతే మనసు తేలికవుతుందని నాకు చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళనెవరూ నలుగురి ముందు కూలబడేదాకా పరుగెత్తించి ఉండరు. నా మనసు బరువుగానే ఉంది, బాగానే ఉంది. ఇప్పటికీ ఆఫీసు మీటింగులోనో, ఇంట్లో ఆస్తుల మాటల్లోనో ఎవరైనా గొంతు పెంచి, తొందరపెట్టి, నన్ను తడబడేలా చేయాలని చూస్తే నేను వెంటనే నోరు విప్పను. నోరున్నదాన్నని పేరు కదా, అందుకే వాళ్ళకు అంతుపట్టదు. బల్ల కింద చెప్పులోంచి పాదం తీసి, మడమ నేలకు ఆనించి, మొదటి కాలం మెల్లగా వేసుకుంటాను. వాళ్ళు జరుపుతారు. జరపనిస్తాను. గదిలో అందరికీ రెండు చప్పుళ్ళూ విడివిడిగా వినబడేదాకా ఆగుతాను. ఆ తర్వాతే, ఎంతో మర్యాదగా, మాట్లాడతాను.