గడియ తీసిన చేయి

మా మేనత్త పోయిందని బిట్రగుంట నుంచి కార్డు వచ్చింది. అందులో మా బంధువు రాసిన రెండో వాక్యం: "ఆచారం తప్పని మనిషి, పుణ్యాత్మురాలు." అది చదివిన దగ్గర్నుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎవరితోనైనా వాదించాలనిపిస్తుంది. అయ్యా, ఆమె ఆచారం తప్పింది. నా కళ్లెదుటే తప్పింది. ఆ సంగతిని కూడా ఆమెతో పాటు కాల్చేయకండి.

చిన్న వయసులోనే భర్త పోయి, అల్లూరు దగ్గర మా ఇంట్లోనే ఉండిపోయింది. కాఫీ నిలబడే తాగేది. కూర్చోమంటే, "కూర్చుంటే ఖాళీగా ఉండానని ఇంకో పని చెప్తారు" అనేది.

పదేళ్ల కిందట ఆమె గది మట్టిగోడలో తేనెటీగలు పట్టు పెట్టాయి. ఇంట్లో తేనెపట్టు కీడనీ, కొన్నాళ్లు ఇల్లు పాడుపెట్టి వెళ్లమనీ పురోహితుడు చెప్పాడు. తేనె తీసే యానాది ఆయన్ని మా నాన్న పిలిపించాడు.

ఆయన బయటి గోడకు చెవి ఆనించి విన్నాడు. "పట్టు లోపలి పక్కన ఉండాది సామీ. గదిలోనుంచి పొగబెట్టి తీయాల. ఈడనుంచి పొడిస్తే రేగిపోతాయి."

"గదిలోకి నువ్వా? గడ్డపార తీసుకోని బయటనుంచే పొడువు" అన్నాడు నాన్న.

అత్త ఊరుకోలేదు. "ఆయన తెచ్చిన తేనె దేవుడి నెత్తిన పోస్తావే అన్నా, ఆయన కాలికేమొచ్చింది?"

"నువ్వు గమ్మునుండు."

గడ్డపార నేరుగా పట్టులోకే దిగింది. గోడకు పడ్డ కన్నంలోంచి ఈగలు బయటికే రేగాయి. వాకిట్లో ఉన్న మేమంతా లోపలికి దూరి తలుపేసుకున్నాం. బయట ఆయన కేకలు. గడియ వేసిందెవరనుకున్నారు? ముందురోజే విడవలూరు సభలో సమానత్వం గురించి గంటసేపు గొంతు చించుకున్న నేను. ఇది దాచుకుంటే ఆ కార్డు రాసిన బంధువుకూ నాకూ తేడా ఏముంది?

"తలుపు తియ్‌రా."

"ఈగలొస్తాయత్తా!"

"రానీ."

నన్ను పక్కకు నెట్టి గడియ తీసింది. పమిట నెత్తిన కప్పుకుని బయటికి దూకి, ఆయన్ని మణికట్టు పట్టి లాక్కొచ్చి, తన గదిలో తన మంచం మీదే కూర్చోబెట్టింది.

"వద్దమ్మా, నన్ను ముట్టుకోబాకండి."

"గమ్మునుండు నాయనా. ముల్లు పట్టి పీకితే విషం దిగతాది." గోటి అంచుతో ఒక్కొక్క ముల్లే గీకి తీసింది.

పక్కగదిలోంచి నాన్న అరిచాడు: "గది కడిగించాల!"

"గోడ పూడ్పించు ముందు!"

సాయంత్రానికి ఆయన కళ్ల వాపు తగ్గింది. లేచి వెళుతుంటే చెదిరిన పట్టంతా ఏరి ఆయనకే ఇచ్చి పంపింది. అప్పుడు నేను గడప దగ్గర నిలబడి అడిగాను, "నన్ను తిట్టవేం అత్తా?"

"భయం ఎవురికైనా వస్తాదిరా. భయపడినోడు గడియ దగ్గర నిలబడగూడదు."

తర్వాత కుడిచేయి నా ముందు చాపింది. మోచేతి దాకా వాచి ఉంది. ముళ్లు అలాగే ఉన్నాయి. అప్పటిదాకా ఇంట్లో ఒక్కరమూ చూడలేదు. నేను గోటి అంచుతో ఒక్కొక్కటే గీకసాగాను. గోడ కన్నంలోంచి మిగిలిన ఈగలు వస్తూ పోతూనే ఉన్నాయి. ఆమె చేయి మాత్రం కదల్లేదు.