తోడితే ఊరే చెలమ

నిన్న రాత్రి మనవరాలి గౌను విదిలిస్తే బాత్రూం గచ్చు మీద గుప్పెడు ఇసుక రాలింది. ఏరుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏటి ఇసుకకు ఒక వాసన ఉండాలి, తడి కుండా, ఎండిన నాచూ కలిసిన చల్లని వాసన. దీనికి అదేమీ లేదు. అయినా ఇది మా నాగావళి ఇసుకే. ఏ చోటిదో కూడా నాకు తెలుసు, తెలుసు గనకనే నిన్నటి నుంచి నోట్లోకి ముద్ద పోవడం లేదు.

శ్రీకాకుళంలో మా వీధి ఏటిగట్టుకు ఆనుకుని ఉండేది. అప్పట్లో దాన్నెవరూ పార్కు అనలేదు, గట్టు అంటే గట్టే. వేసవి వచ్చిందంటే ఏరు అవతలి ఒడ్డుకు సన్నని పాయలా ఒదిగిపోయి, మా వైపంతా తెల్లటి ఇసుక పరుచుకునేది. పొద్దు వాలి ఇసుక చల్లబడగానే వీధి వీధంతా గట్టు దిగేది. మగవాళ్లు తువ్వాళ్లు పరుచుకుని వెల్లకిలా పడుకుని రాజాంలో ధాన్యం ధర దగ్గర మొదలుపెట్టి ఎవరింట్లో పెళ్లి కుదిరిందో అక్కడ తేలేవాళ్లు. ఆడవాళ్లు చోడి అంబలి గిన్నెలూ, తాటిముంజెలూ, పనసతొనలూ తెచ్చి మధ్యలో పెడితే, మేం పిల్లలం పాదం మీద ఇసుక కప్పి పిచ్చుకగూళ్లు కట్టి, ఇసుక గట్టులో పుల్ల దాచి వెతికే ఆటాడి, ఓడినవాళ్లతో దెబ్బలాడి, జుట్టు నిండా ఇసుకతో వచ్చి ఆ గిన్నెల మీద పడేవాళ్లం. కార్తీకంలో అదే గట్టు మీద ఉసిరిచెట్టు కింద వనభోజనాలు, నాగులచవితికి చిమ్మిలి, చలిమిడి. ఇప్పుడు చెబుతుంటే ఇంట్లోవాళ్లే నమ్మరు.

వీటన్నిటికంటే మాకు ముఖ్యం చెలమ. ఇసుకలో గొయ్యి తీస్తే అడుగున ఊరే నీటిగుంట అది. వీధిలో ప్రతి ఇంటికీ తన చోటుండేది. మా చెలమకు పెత్తనం మా మామ్మది, అంటే మా నాన్న తల్లిది. కొబ్బరిచిప్పతో ఇసుక తీసి తీసి, మొదట ఊరిన మట్టినీళ్లు పారబోసి, పిల్లలెవరూ అంచు తొక్కకుండా కర్ర పట్టుకుని కాపలా కూర్చునేది. నీళ్లు తేటపడేదాకా మాట్లాడకూడదని ఆవిడ చట్టం. తేటపడ్డాక మొదటి చిప్ప ఏటికేసి పోసి, రెండోది ఆ రోజు ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లకి ఇచ్చేది. దాదాపు రోజూ అది నేనే తాగేదాన్ని, దాన్నిబట్టి నా గుణం ఊహించుకోండి. ఒకసారి నీళ్లైపోతాయని నేను ఏడుపు మొదలుపెడితే నా మొహం తుడిచి అంది:

"తోడీకొద్దీ ఊరతాదే గుంటా. ఏరున్నన్నాళ్లూ సెలమకేటి కరువు?"

వర్షాలకి పై కొండల నుంచి ఎర్రనీళ్లు వచ్చి మా చెలమలన్నీ కప్పేసి పోయేవి. పోతే పోయేవి, వరద తీసేసరికి ఏరు మళ్లీ కొత్త ఇసుక పరిచేది. అమ్మ బియ్యం పోసినట్టు ఏటేటా ఏరు ఇసుక పోస్తుందనుకునేవాళ్లం. మా సూరిబావా అలాగే అనుకున్నాడు. అతను మా మేనత్త కొడుకు, మా వీధి పిల్లల్లో చెలమ లోతుగా తియ్యడంలో అతనే మొనగాడు. పెద్దయ్యాక సాలూరులో లారీలు తోలి, జుట్టు నెరిశాక మళ్లీ మా వీధికే వచ్చాడు.

వచ్చేసరికి గట్టు గట్టులా లేదు. ఎప్పుడో పార్కు అని పేరు పెట్టి నాలుగు బల్లలు వేసి వదిలేసిన చోట ముళ్లపొదలు, సీసాపెంకులు, ఊరి చెత్త. కింద మురుగుకాలువ ఏట్లో కలిసే చోట గుర్రపుడెక్క. బావ ఇంటింటికీ తిరిగి తిట్టి, బతిమాలి, ఆదివారాలు అందరినీ పారలతో గట్టెక్కించాడు. పొదలు కొట్టాం, కానుగ మొక్కలు నాటాం, గేటుకి రంగు వేశాం, ఆడవాళ్లం పులిహోర కలిపి పట్టుకెళ్లాం. తెరిచిన రోజు తప్పెటగుళ్లు ఆడిస్తే గట్టు పట్టనంత జనం. నా కడుపు నిండిపోయింది. ఆ తర్వాత మురుగు వాసనకి ఒక్కొక్కరే మానేశారు.

నా ఆశ మాత్రం పార్కు మీద కాదు. మురుగుకాలువకి ఎగువన, మా పాత చెలమల చోటే, ఒక్క ఇసుకమేట మిగిలి ఉంది. తాగకపోయినా సరే, ఈ వేసవిలో అక్కడ చెలమ తోడి నీళ్లు ఊరడం చూపిస్తానని మనవరాలికి మాటిచ్చాను. అది కొబ్బరిచిప్ప కూడా దాచుకుంది.

పిల్లలొస్తే పెద్దలొస్తారని, పార్కు కోసం మేం వేసుకున్న కమిటీలో మాటొచ్చింది. మనం ఇసుకలో పెరిగాం, పిల్లలకీ పార్కులో ఒక తొట్టి కట్టి ఇసుక పోద్దామన్నారు. అందరం సరే అన్నాం, నేనూ అన్నాను. పిల్లులూ కలుపూ రాకుండా అడుగున సిమెంటు చేసి, చుట్టూ ఇటుక కట్టారు. బావ మాట్లాడిన లారీ వచ్చి ఇసుక దింపిన రోజు నేను మురిసిపోతూ గట్టు అంచుకి వెళ్లి కిందికి చూశాను. మేట లేదు. అది ఉన్న చోట నల్లటి బంకమట్టి గొయ్యి, అందులోకి కాలువ మురుగు మెల్లగా వెనక్కి జారుతోంది.

నా ఒళ్లు మండిపోయింది. ఎవరినడిగి తవ్వించావని బావ మీద పడ్డాను. అతను నిజంగా ఆశ్చర్యపోయాడు.

"మన ఏటి ఇసకే కదే, ఇంకెక్కడిదో తేవడమేటి? ఏరొస్తే మల్లీ మేటేస్తాది. ఎప్పుడెయ్యనేదు?"

ఏరు ఇసుక మోసుకురావడం మానేసి ఎన్నాళ్లైందో చెప్పాను. వరద వెళ్లాక గట్టున మిగిలేవి ప్లాస్టిక్ సంచులే కదా, ఆదివారాలు మనం ఏరింది అవే కదా అన్నాను. అతను కిందికి చూశాడు, చాలాసేపు చూశాడు. తిట్టడానికి వెళ్లినదాన్ని, చెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టాల్సి వచ్చింది. మేం అందరం కలిసి, ఎంతో ప్రేమగా, మా చేతులతోనే చేసిన పని అది.

నిన్న సాయంత్రం పార్కులో మా మనవరాలు తప్ప ఇంకో పిల్ల లేదు. చిప్ప పట్టుకుని ఇసుకలో కూర్చుంది. నేను చెప్పినవన్నీ చేసింది, అంచు తొక్కలేదు, మాట్లాడలేదు. తోడింది, తోడింది, చిప్ప సిమెంటుకి తగిలి గీరుకుంది. అయినా లేవలేదు. గొయ్యిలోకి చూస్తూ చీకటి పడేదాకా అలాగే కూర్చుంది. ఇంటికి రమ్మని చెయ్యి పట్టుకుంటే లేచి, గుసగుసగా అడిగింది:

"మామ్మా, మనం మాటాడేసినామనా ఊరనేదు?"

కాదని చెప్పలేకపోయాను. ఈ ఉదయం లేచేసరికి చిప్ప పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. వేలు నోటి మీద పెట్టుకుని, ఇవాళ ఒక్క మాట కూడా మాట్లాడొద్దని నాకు సైగ చేస్తోంది.